ఇంజన్ కంప్యూటర్‌కు ఎర్త్: సూత్రం, పరీక్ష, మరమ్మతు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• వాహనంలో ఎర్త్ అంటే ఏమిటో, అది ఎందుకు ఎప్పుడూ కచ్చితంగా సున్నా వోల్టు కాదో వివరించగలుగుతారు.
• ఇంజన్ కంప్యూటర్‌కు ఉండే పవర్ ఎర్త్, సెన్సర్ ఎర్త్‌ల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• ఎర్త్ లోపం వల్ల ఇంధన మిశ్రమం ఎలా తప్పుతుందో లెక్క వేసి చూపగలుగుతారు.
• మల్టీమీటరుతో వోల్టేజి పాతం పరీక్ష చేసి లోపం ఉన్న చోటును గుర్తించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

గత భాగంలో ఇంజన్ కంప్యూటర్ సెన్సర్ల నుంచి సమాచారం తీసుకుని ఇంజెక్టర్లను, ఇగ్నిషన్ కాయిళ్లను ఎలా నడిపిస్తుందో తెలుసుకున్నారు. దీన్నే ఇ.సి.యు. అంటారు. భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చాయి. దానితో కార్లే కాక ద్విచక్ర వాహనాలు కూడా చాలావరకు కార్బురేటరును వదిలి ఇంధన ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పుడు ఒక చిన్న ఊళ్లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు కూడా ఇ.సి.యు. ఉన్న బండికి మరమ్మతు చేయక తప్పదు.

ఇలాంటి బండి మైలేజి పడిపోయిందనో, ఐడిలింగ్‌లో ఇంజన్ వేగం ఎగుడుదిగుడుగా ఉందనో షెడ్డుకు వస్తుంది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ కోడ్ కనిపిస్తుంది. సెన్సర్ మారుస్తారు. కొన్నాళ్లకే బండి అదే ఫిర్యాదుతో తిరిగి వస్తుంది. ఈసారి ఇ.సి.యు.నే మారుస్తారు. అసలు లోపం మాత్రం రంగు గీకకుండా బిగించిన ఒక ఎర్త్ బోల్టు కింద అలాగే ఉంటుంది. డబ్బు పోయేది వాహన యజమానికి, పేరు పోయేది మెకానిక్కుకు. ఇలాంటి పొరపాటు జరగకుండా ఎర్త్ మార్గాన్ని ఎలా అర్థం చేసుకోవాలో, ఎలా కొలవాలో ఈ భాగంలో చూద్దాం.

6.2 వాహనంలో ఎర్త్ అంటే ఏమిటి?

ఇంట్లో ఎర్త్ తీగ నిజంగానే భూమిలోకి వెళుతుంది. వాహనం రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి దాని ఎర్త్‌కు నేలతో సంబంధం లేదు. వాహనంలో ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు కలిపిన లోహ భాగాలన్నీ: ఇంజన్ బ్లాకు, గేర్ బాక్సు, బాడీ. ప్రతి పరికరానికీ పాజిటివ్ తీగను విడిగా తీసుకువెళ్లి, తిరుగు దారిగా ఈ లోహాన్ని వాడుకుంటారు. పుస్తకాల్లో దీన్ని గ్రౌండ్ అని కూడా రాస్తారు. షెడ్డులో అందరూ ఎర్త్ అనే అంటారు కాబట్టి ఈ పాఠంలో అదే మాట వాడుతున్నాం.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. అందుకే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు ఒక లావు కేబులు, ఇంజన్ నుంచి బాడీకి మరో పట్టీ లేదా కేబులు వేస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు విద్యుత్తు ఇచ్చేది ఆల్టర్నేటర్. దాని బాడీ ఇంజన్‌కే బిగించి ఉంటుంది. స్పార్క్ ప్లగ్గుల విద్యుత్తు కూడా సిలిండర్ హెడ్ ద్వారానే తిరిగి వెళుతుంది. కాబట్టి నడుస్తున్న వాహనంలో ప్రవాహాలన్నీ చివరికి చేరే చోటు ఇంజన్ బ్లాకు. చాలా వాహనాల్లో ఇ.సి.యు. ఎర్త్ తీగలను ఇంజన్ బ్లాకుకో సిలిండర్ హెడ్‌కో బిగించడానికి కారణం ఇదే. కొన్ని వాహనాల్లో బాడీ మీద నిర్ణీత స్థానం ఉంటుంది. తయారీదారు చూపించిన స్థానాన్ని మార్చకూడదు.

6.3 ఎర్త్ సున్నా కాదు

వలయ చిత్రంలో ఎర్త్ గుర్తు ఎక్కడ కనిపించినా అక్కడ సున్నా వోల్టు అనుకోవడం మనకు అలవాటు. కాగితం మీద అది నిజమే. వాహనంలో ప్రతి తీగకూ ఎంతో కొంత నిరోధం ఉంటుంది. నిరోధం గుండా విద్యుత్తు ప్రవహిస్తే ఓమ్ నియమం ప్రకారం దాని రెండు కొనల మధ్య వోల్టేజి ఏర్పడుతుంది. దీన్నే వోల్టేజి పాతం అంటారు.

వోల్టేజి పాతం = ప్రవాహం × నిరోధం

రాగి విశిష్ట నిరోధం సుమారు 1.7 × 10⁻⁸ ఓమ్ మీటరు. దీని ప్రకారం 1 చదరపు మిల్లీమీటరు మందం, 2 మీటర్ల పొడవు గల రాగి తీగ నిరోధం 0.034 ఓమ్. ఇంజెక్టర్లు, కాయిళ్లు కలిసి ఒక క్షణంలో 10 ఆంపియర్లు పంపితే ఆ తీగలో వోల్టేజి పాతం:

10 × 0.034 = 0.34 వోల్టులు

అంటే తీగ అవతలి కొన ఇంజన్‌కు బిగించి సున్నా దగ్గర ఉన్నా, ఇవతలి కొన దగ్గర ఉన్న ఇ.సి.యు. మాత్రం 0.34 వోల్టుల ఎత్తున ఉంటుంది. అలాంటి తీగలు నాలుగు పక్కపక్కన వేస్తే నిరోధం నాలుగో వంతు అవుతుంది, పాతం 0.085 వోల్టులకు దిగుతుంది. ఇ.సి.యు. కనెక్టరులో రెండు, మూడు, నాలుగు ఎర్త్ పిన్నులు ఎందుకు ఉంటాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అవన్నీ ఒకటే కదా అని ఒక్క తీగకు కుదించకూడదు.

దీన్ని వీధిలో మురుగు కాలువతో పోల్చవచ్చు. కాలువ వెడల్పుగా ఉంటే ఎన్ని ఇళ్ల నీళ్లు వచ్చినా మట్టం పెరగదు. ఇరుకుగా ఉంటే పై ఇంటివాళ్లు ఒక్కసారి తొట్టి ఖాళీ చేసినా కింది ఇంటి గుమ్మం దాకా నీళ్లు వస్తాయి. కింది ఇంటివాళ్ల తప్పు ఏమీ లేదు. ఇద్దరిదీ ఒకే ఇరుకు కాలువ కావడమే అసలు చిక్కు. ఎక్కువ ప్రవాహం, తక్కువ ప్రవాహం ఒకే సన్నని ఎర్త్ తీగను పంచుకున్నప్పుడు జరిగేది ఇదే.

6.4 పవర్ ఎర్త్, సెన్సర్ ఎర్త్

ఇ.సి.యు.కు ముఖ్యంగా రెండు రకాల ఎర్త్‌లు ఉంటాయి.

పవర్ ఎర్త్: చాలా వాహనాల్లో ఇంజెక్టర్‌కు పాజిటివ్ రిలే నుంచి నేరుగా వస్తుంది. దాని రెండో తీగను ఇ.సి.యు. లోపలి ట్రాన్సిస్టర్ ఎర్త్‌కు కలుపుతూ, విడదీస్తూ ఇంజెక్టర్‌ను నడిపిస్తుంది. ఆ ప్రవాహమంతా ఇ.సి.యు. లోపలికి వచ్చి పవర్ ఎర్త్ తీగల ద్వారా ఇంజన్‌కు పోతుంది. ఇది ఆంపియర్లలో ఉంటుంది, క్షణక్షణం మారుతూ ఉంటుంది.

సెన్సర్ ఎర్త్: థ్రాటిల్ స్థాన సెన్సర్, శీతలకారి ఉష్ణోగ్రత సెన్సర్ వంటి వాటి తిరుగు తీగలు బాడీకి పోకుండా నేరుగా ఇ.సి.యు.లోకే వస్తాయి. వీటిలో ప్రవాహం మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది కాబట్టి పాతం దాదాపు ఉండదు. ఇ.సి.యు. సెన్సర్ వోల్టేజిని ఈ తీగతో పోల్చి కొలుస్తుంది. పవర్ ఎర్త్‌లో కొంత పాతం వచ్చి ఇ.సి.యు. మొత్తం 0.1 వోల్టు పైకి లేచినా సెన్సర్ ఎర్త్ కూడా దానితోపాటే లేస్తుంది. రెండింటి మధ్య తేడా మారదు కాబట్టి కొలత తప్పదు. రెండు ఎర్త్‌లను విడిగా ఉంచడంలోని ప్రయోజనం ఇదే.

సెన్సర్ ఎర్త్ తీగను బయట ఎక్కడా బాడీకి కలపకూడదు. 'ఎర్త్ ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిది' అని కొందరు దాన్ని కూడా దగ్గరలోని బోల్టుకు బిగిస్తారు. అప్పుడు పవర్ ఎర్త్ మార్గంలో నిరోధం పెరిగిన రోజున పెద్ద ప్రవాహాలు ఈ సన్నని తీగ ద్వారా, ఇ.సి.యు. లోపలి సన్నని రాగి గీతల ద్వారా దారి వెతుక్కుంటాయి. సెన్సర్ల కొలతలు తప్పుతాయి, ఇ.సి.యు. శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. క్రాంక్ సెన్సర్ వంటి వాటి తీగల మీద ఉండే లోహపు అల్లికను కూడా సాధారణంగా ఇ.సి.యు. వైపు ఒక్క కొననే ఎర్త్ చేస్తారు. రెండు కొనలూ ఎర్త్ చేస్తే ఆ అల్లిక గుండానే ప్రవాహం మొదలై, ఆపవలసిన విద్యుత్ అలజడిని అదే తెచ్చిపెడుతుంది.

6.5 ఒక ఉదాహరణ: ఆక్సిజన్ సెన్సర్

జిర్కోనియా రకం ఆక్సిజన్ సెన్సర్ పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల వరకు ఇస్తుంది. ఇంధనం ఎక్కువైతే వోల్టేజి ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఇ.సి.యు. సుమారు 0.45 వోల్టును హద్దుగా పెట్టుకుని, దానికి పైన ఉంటే ఇంధనం తగ్గిస్తుంది, కింద ఉంటే పెంచుతుంది.

పాత కార్లలో ఈ సెన్సర్‌కు ఒకే తీగ ఉండేది. తిరుగు దారి సెన్సర్ మరల ద్వారా పొగగొట్టానికి, అక్కడి నుంచి ఇంజన్‌కు. అంటే సెన్సర్ తన వోల్టేజిని ఇంజన్‌తో పోల్చి ఇస్తుంది, ఇ.సి.యు. మాత్రం తన ఎర్త్‌తో పోల్చి చదువుతుంది. ఈ రెండూ ఒకే మట్టంలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఇప్పుడు 6.3లో వేసిన లెక్క ప్రకారం ఇ.సి.యు. ఎర్త్ ఇంజన్ కంటే 0.34 వోల్టులు పైన ఉందనుకోండి. ఇంధనం ఎక్కువై సెన్సర్ 0.75 వోల్టులు ఇస్తోంది. ఇ.సి.యు.కు కనిపించేది:

0.75 − 0.34 = 0.41 వోల్టులు

ఇది 0.45 కంటే తక్కువ. కాబట్టి ఇ.సి.యు. 'ఇంధనం చాలడం లేదు' అని నిర్ణయించి ఇంజెక్టర్లను ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఇప్పటికే ఎక్కువైన ఇంధనం మరింత ఎక్కువవుతుంది. మైలేజి పడిపోతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, కాలక్రమంలో కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. ఇందులో సెన్సర్ తప్పు చెప్పలేదు, ఇ.సి.యు. తప్పు లెక్క వేయలేదు. ఇద్దరూ వేరు వేరు సున్నాల నుంచి కొలిచారు. సెన్సర్ మార్చినా, ఇ.సి.యు. మార్చినా ఈ తేడా పోదు.

ఈ కారణంగానే తయారీదారులు క్రమంగా తీగల సంఖ్య పెంచారు. సెన్సర్‌ను వేడి చేసే హీటరు వచ్చినప్పుడు మూడు తీగలయ్యాయి. తరవాత నాలుగో తీగ వచ్చింది. సెన్సర్ సంకేతానికి ఇ.సి.యు. దాకా సొంత తిరుగు దారి ఇవ్వడమే దాని పని. హీటరు విద్యుత్తు వేరే దారిన పోతుంది. మార్కెట్లో దొరికిందని నాలుగు తీగల సెన్సర్ స్థానంలో మూడు తీగల సెన్సర్ వేసి, మిగిలిన తీగను వదిలేస్తే పోగొట్టుకునేది ఈ రక్షణనే.

6.6 ఎర్త్ లోపాన్ని అనుమానించవలసిన సందర్భాలు

• ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి రావడం. అన్ని సెన్సర్లూ ఒకే రోజు పాడవడం అరుదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ముందు చూడాలి.
• హెడ్‌లైట్లు, బ్లోవరు లేదా రేడియేటర్ ఫ్యాన్ వేసినప్పుడు ఐడిలింగ్ మారడం.
• స్టార్టరు తిప్పుతున్నప్పుడు స్కానర్‌తో సంబంధం తెగిపోవడం.
• ఇంజన్ దించి ఎక్కించిన తరవాత, బాడీకి రంగు వేసిన తరవాత, గేర్ బాక్సు పని చేసిన తరవాత లోపం మొదలవడం. ఇలాంటి పనుల్లో ఎర్త్ పట్టీ బిగించడం మరిచిపోవడం, రంగు మీదే బోల్టు బిగించడం జరుగుతూ ఉంటాయి.
• యాక్సిలరేటర్ లేదా క్లచ్ కేబులు వేడెక్కడం. ఇంజన్ ఎర్త్ పట్టీ తెగితే స్టార్టరు ప్రవాహం ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఏ లోహం గుండా అయినా పోతుంది. ఆ దారుల్లో ఇ.సి.యు. ఎర్త్ తీగ కూడా ఒకటి కావచ్చు.

6.7 ఓమ్ మీటరు ఎందుకు చాలదు?

ఎర్త్ తీగను ఓమ్ మీటరుతో చూసి, దాదాపు సున్నా చూపిస్తోంది కాబట్టి బాగుందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. మామూలు మల్టీమీటరు ప్రోబుల తీగలకే 0.1 నుంచి 0.3 ఓమ్ దాకా నిరోధం ఉంటుంది. మనం వెతికే లోపం అంతకంటే చిన్నది. స్టార్టరు 150 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు పాతం 0.2 వోల్టుకు మించకూడదంటే ఎర్త్ మార్గం నిరోధం సుమారు 0.0013 ఓమ్ కంటే తక్కువ ఉండాలి. ఆ మార్గంలో 0.1 ఓమ్ ఉంటే 12 వోల్టుల బ్యాటరీతో స్టార్టరు తిరగనే తిరగదు. కానీ ఓమ్ మీటరు మీద అది మంచి తీగలాగే కనిపిస్తుంది.

రెండో కారణం, ఓమ్ మీటరు తీగ గుండా చాలా తక్కువ ప్రవాహాన్నే పంపుతుంది. పంతొమ్మిది పోగుల తీగలో పద్దెనిమిది తెగి ఒక్కటి మిగిలినా ఆ కొద్ది ప్రవాహానికి సరిపోతుంది. అసలు భారం పడినప్పుడే లోపం బయటపడుతుంది. అందుకే ఎర్త్‌ను భారం ఉన్నప్పుడు, వోల్టేజి పాతం ద్వారా కొలవాలి.

6.8 వోల్టేజి పాతం పరీక్ష

మొదటి దశ, బ్యాటరీ నుంచి ఇంజన్: మల్టీమీటరును డి.సి. 2 వోల్టుల రేంజిలో పెట్టండి. నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదే పెట్టాలి, దానికి బిగించిన క్లాంపు మీద కాదు. క్లాంపు మీద పెడితే వాటి మధ్య ఉన్న లోపం కొలతలోకి రాదు. ఎర్ర ప్రోబును ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి తాకించండి. ఇంజన్ స్టార్టు కాకుండా ఇంధన పంపు ఫ్యూజు తీసి, సహాయకుడితో నాలుగైదు సెకన్లు స్టార్టరు తిప్పించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఆ మార్గం బాగున్నట్లే.

రెండో దశ, ఇంజన్ నుంచి ఇ.సి.యు.: ఫ్యూజు తిరిగి పెట్టి ఇంజన్ స్టార్టు చేయండి. హెడ్‌లైట్లు, బ్లోవరు, ఫ్యాన్ వేయండి. నల్ల ప్రోబును ఇంజన్ బ్లాకు మీద, ఎర్ర ప్రోబును ఇ.సి.యు. ఎర్త్ పిన్ను దగ్గర కనెక్టరు వెనక వైపు నుంచి సన్నని పిన్నుతో తాకించండి. తీగ పై తొడుగుకు రంధ్రం చేయకండి. ఆ రంధ్రం గుండా తేమ చేరి కొన్ని నెలల్లో రాగికి చిలుము పడుతుంది. ఇక్కడ 0.1 వోల్టు లోపు ఉండాలి. ఎర్త్ పిన్నులు ఎన్ని ఉంటే అన్నిటినీ చూడాలి. తయారీదారు సర్వీసు పుస్తకంలో వేరే విలువ ఇచ్చి ఉంటే అదే ప్రమాణం.

మూడో దశ, లోపం ఉన్న చోటు: విలువ ఎక్కువ వస్తే మార్గాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కొక్కటే కొలవండి. ఒక వాహనంలో రెండో దశలో 0.62 వోల్టులు వచ్చాయని అనుకుందాం. ముక్కల కొలతలు ఇలా ఉన్నాయి:

ఇ.సి.యు. పిన్ను నుంచి తీగ చివరి థింబుల్ వరకు: 0.06 వోల్టులు
థింబుల్ నుంచి అది బిగించిన బ్రాకెట్ వరకు: 0.04 వోల్టులు
బ్రాకెట్ నుంచి ఇంజన్ బ్లాకు వరకు: 0.52 వోల్టులు
మొత్తం: 0.62 వోల్టులు

తీగ బాగుంది, థింబుల్ బాగుంది. పాతంలో ఎక్కువ భాగం బ్రాకెట్‌కూ బ్లాకుకూ మధ్యే ఉంది. ప్రవాహం 5 ఆంపియర్లయితే అక్కడ నిరోధం 0.52 ÷ 5, అంటే సుమారు 0.1 ఓమ్. బ్రాకెట్ విప్పి చూస్తే కింద రంగో తుప్పో ఉంటుంది. ముక్కల మొత్తం తొలి కొలతతో సరిపోవాలి. సరిపోకపోతే ఏదో ఒక ముక్కను కొలవకుండా వదిలేశారన్నమాట.

6.9 మరమ్మతులో పాటించవలసిన జాగ్రత్తలు

ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. బోల్టు తీసి, థింబుల్ కూర్చునే మేర రంగును, తుప్పును గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించేవరకు తీయండి. థింబుల్ నేరుగా లోహం మీద కూర్చోవాలి. బోల్టు బిగించిన తరవాత పైన గ్రీజు లేదా రంగు పూయండి. ముందు పూసి తరవాత బిగించడం కాదు. అల్యూమినియం హెడ్ మీద వట్టి రాగి థింబుల్ పెడితే తేమ చేరినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన చర్య వల్ల అల్యూమినియం తినేస్తుంది. సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పు గాలి వల్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. తగరం పూత ఉన్న థింబుల్ వాడటం మంచిది.

ఇ.సి.యు. ఎర్త్ బోల్టు కింద హారన్, అదనపు లైట్లు, ఆడియో ఆంప్లిఫయర్ తీగలను చేర్చకండి. వాటికి వేరే చోటు చూడండి. బాడీకి ఆర్క్ వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ విప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టించండి. దూరంగా పెడితే వెల్డింగ్ ప్రవాహం వాహనం వైరింగ్ గుండా పోయి ఇ.సి.యు.ను పాడుచేయవచ్చు.

పని పూర్తయ్యాక 6.8లోని పరీక్షను మళ్లీ చేసి, ముందు వచ్చిన విలువను, ఇప్పుడు వచ్చిన విలువను జాబ్ కార్డు మీద రాయండి. మీరు ఏం బాగుచేశారో యజమానికి చూపించడానికి ఆ రెండు అంకెలు చాలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఇంజన్ ఎర్త్ కేబులు మార్గం నిరోధం 0.004 ఓమ్. స్టార్టరు 150 ఆంపియర్లు తీసుకుంటే వోల్టేజి పాతం ఎంత? అది ఆమోదయోగ్యమా?
2. సెన్సర్ ఎర్త్‌ను బాడీకి ఎందుకు కలపకూడదు?
3. ఇ.సి.యు. ఎర్త్ ఇంజన్ కంటే 0.2 వోల్టు పైన ఉంది. ఒకే తీగ ఉన్న ఆక్సిజన్ సెన్సర్ 0.6 వోల్టు ఇస్తోంది. ఇ.సి.యు. ఇంధనం పెంచుతుందా, తగ్గిస్తుందా?

6.10 సారాంశం

వాహనంలో ఎర్త్ అనేది విద్యుత్తు తిరిగి వెళ్లే దారి. దారి అన్న తరవాత దానికి నిరోధం ఉంటుంది, ప్రవాహం ఉన్నప్పుడు వోల్టేజి పాతం ఉంటుంది. ఇ.సి.యు. ప్రతి సెన్సర్‌నూ తన ఎర్త్‌తో పోల్చి చదువుతుంది కాబట్టి ఆ ఎర్త్ మట్టం ఇంజన్ కంటే పైకి లేస్తే, ఇంజన్ ద్వారా ఎర్త్ అయ్యే సెన్సర్ల కొలత తప్పుతుంది. పెద్ద ప్రవాహాలకు పవర్ ఎర్త్, చిన్న సంకేతాలకు సెన్సర్ ఎర్త్ విడిగా ఉంచడం దీనికి పరిష్కారం. లోపాన్ని భారం ఉన్నప్పుడు వోల్టేజి పాతం ద్వారానే కనుక్కోవాలి. సెన్సర్‌నో ఇ.సి.యు.నో మార్చే ముందు ఈ పరీక్ష చేయడం అలవాటు చేసుకోండి. పట్టే సమయం కొద్ది నిమిషాలే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: జవాబులు

1. 150 × 0.004 = 0.6 వోల్టు. 0.2 వోల్టు కంటే ఎక్కువ కాబట్టి ఆమోదయోగ్యం కాదు.
2. పెద్ద ప్రవాహాలు ఆ సన్నని తీగ ద్వారా ప్రవహించి కొలతలు తప్పుతాయి, ఇ.సి.యు. పాడయ్యే ప్రమాదం ఉంది.
3. ఇ.సి.యు.కు కనిపించేది 0.6 − 0.2 = 0.4 వోల్టు. ఇది 0.45 కంటే తక్కువ కాబట్టి ఇంధనం పెంచుతుంది. నిజానికి తగ్గించవలసి ఉంది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఇ.సి.యు. ఎర్త్ లోపం ఇంధన మిశ్రమాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఉదాహరణతో వివరించండి.
2. వోల్టేజి పాతం పరీక్షలోని దశలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పవర్ ఎర్త్, సెన్సర్ ఎర్త్‌ల మధ్య తేడాలు రాయండి.
2. ఎర్త్ లోపం కనుక్కోవడానికి ఓమ్ మీటరు ఎందుకు చాలదు?